అమ్మ దగ్గర ఎవరో ఒకరు

"ఈ ప్రయాణం నీకోసమే పెట్టాను" అని మా ఆయన అన్నప్పుడు నేను తొమ్మిదో సీసాలో నీళ్లు నింపుతున్నాను. అత్తయ్య మాత్రలు ఒక డబ్బాలో సర్దాను, కంటి చుక్కలు తడిగుడ్డలో చుట్టాను. ఆడపడుచుకి కారెక్కితే కడుపులో తిప్పుతుందని కవర్లు, ఆమె భర్తకి పంచదార లేని టీ ఫ్లాస్కులో, మా ఆయనకి ఎండ తగలకుండా టోపీ. నా టోపీ మర్చిపోయానని సగం దారిలో గుర్తొచ్చింది. నాకోసం పెట్టిన ప్రయాణంలో నాకోసం పెట్టుకున్నది ఒక్కటీ లేదు.

అయినా సంతోషంగానే ఉన్నాను, అబద్ధమెందుకు. పంతొమ్మిదేళ్లుగా బళ్లో భూగోళం చెబుతున్నాను. ఏడో తరగతికి ఎడారి లోయల పాఠం ఉంటుంది. ఎర్ర సుద్దముక్కతో బోర్డు మీద పొరలు పొరలుగా రెండు గోడలు గీసి, మధ్యలో సన్నగా సందు వదిలి, ఇది నీళ్లు కోసిన దారి, దీనికి లక్షల ఏళ్లు పట్టింది అని చెబుతాను. మీరు చూశారా టీచర్ అని ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడుగుతారు. లేదని చెప్పడం ప్రతి ఏడూ చిన్నతనంగానే ఉంటుంది. ఇప్పుడు వెళ్తున్నది అలాంటి లోయకే. అందులోకి దిగాలి, ఆ పొరల్ని ఒక్కసారి వేళ్లతో తడిమి రావాలి. నా కోరిక అంతే.

బండీ, గైడూ పూర్తిగా మాకే. వేరే జనం ఎవరూ ఉండరని మా ఆయన నెలరోజులుగా చుట్టాలందరికీ ఫోన్లు చేసి మరీ చెప్పారు. గైడు నెమ్మదస్తుడు. గాలి తొలిచి తొలిచి కమానులా నిలబెట్టిన కొండ దగ్గర ఆపాడు. నలుగురూ వరసగా నిలబడ్డారు, నేను ఫోటో తీశాను. "నువ్వు తీస్తేనే బాగా వస్తాయి" అన్నది మా ఇంట్లో నాకు దొరికే ఏకైక మెచ్చుకోలు. దాని పుణ్యమా అని మా ఇంట్లో ఏ ఫోటోలోనూ నేనుండను. ఇంతలో అత్తయ్యకి బాత్రూం అవసరమైంది. ఇసకలో ఆవిణ్ణి నడిపించి తీసుకెళ్లి, మళ్లీ నడిపించి తెచ్చేసరికి గైడు చెప్పాల్సిందంతా చెప్పేశాడు. నీకు తెలిసినవేలే అన్నారు మా ఆయన.

ఆఖరున సన్నలోయ. పైనుంచి చూస్తే నేల చిన్నగా బీటలిచ్చినట్టుంటుంది, అంతే. అందులోకి ఇనుపమెట్ల మీద దిగాలి. మెట్ల దగ్గర ఒక రేకుల షెడ్డు, బెంచీ, హెల్మెట్లు ఇచ్చే ఆవిడ. నా ఈడుదే. గంటకి కొందరినే పంపుతారట, పేర్లు ముందే ఇవ్వాలట. ఆవిడ కాగితం చూసి నాలుగు హెల్మెట్లు బల్ల మీద పెట్టింది. నేను ఐదోదాని కోసం చెయ్యి చాపాను.

"మీకు లేదండీ. మీరు పెద్దావిడకి సాయంగా వచ్చిన మనిషి కదా, పైనే ఉండాలి" అంది.

మా ఆయన నన్ను పక్కకి తీసుకెళ్లి గొంతు తగ్గించారు. బండికి నలుగురికే అనుమతట. పెద్దవాళ్లుంటే వాళ్లని చూసుకునే పనిమనిషిని అదనంగా తెచ్చుకోవచ్చని ఫారంలో ఉందట. అందుకని నన్ను అలా నింపారట.

"పేరుకేలే. అమ్మ ఎలాగూ దిగలేదు, ఆవిడ దగ్గర ఎవరో ఒకరుండాలిగా. ఇప్పుడు గొడవ చెయ్యకు. ఫారం తప్పని తెలిస్తే అందర్నీ వెనక్కి పంపేస్తారు."

ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ నేనే ఎందుకని అడగాల్సింది. ఆడపడుచు అప్పటికే హెల్మెట్ పట్టీ బిగించుకుంటూ, నువ్వు రోజూ చెప్పే పాఠమేగా వదినా, నీకు కొత్తేముంది అంది. నోరు తెరిచాను. "మీరు వెళ్లిరండి" అన్న మాట బయటికొచ్చింది. ఎవరూ బలవంతం చెయ్యలేదు, నోటికి అదే అలవాటు. ఆ క్షణాన వాళ్లందరికంటే నా మీద నాకే ఎక్కువ అసహ్యం వేసింది.

ముగ్గురూ గైడు వెంట దిగిపోయారు. నాలుగో హెల్మెట్ బల్ల మీదే ఉండిపోయింది. దిగలేనావిడకి హెల్మెట్టు, దిగాలనుకున్నదానికి బెంచీ. ఒకసారి లేచి అంచుదాకా వెళ్లి తొంగిచూశాను. చీకటి తప్ప ఏమీ కనబడలేదు, కిందనుంచి ఆడపడుచు నవ్వు మాత్రం వినిపించింది. నన్నొదిలేసి ఎక్కడికెళ్తావని అత్తయ్య పిలిచింది. వచ్చి ఆవిడ కాళ్లు నొక్కుతూ కూర్చున్నాను.

గంట తర్వాత మా ఆయన చొక్కానిండా ఎర్రదుమ్ముతో పైకొచ్చారు. మొహం వెలిగిపోతోంది. నువ్వు చూసి తీరాల్సింది అన్నారు. ఫోన్లో ఫోటోలు చూపిస్తూ నాకు పాఠం మొదలుపెట్టారు. భూకంపం వల్ల కాదట, నీళ్లు కోశాయట, లక్షల ఏళ్లు పట్టిందట. నేను తలాడించాను.

నా భుజం ఊతంగా పట్టుకుని అత్తయ్య బెంచీ మీంచి లేచింది. హెల్మెట్లు లెక్కపెట్టుకుంటున్న ఆవిడ మమ్మల్ని చూసి మా ఆయనతో అంది, "ఎంత ఓపిగ్గా చూసుకున్నారండీ ఈవిడ. మా అమ్మకీ ఇలాంటి మనిషే కావాలి. మీ దగ్గర ఎన్నాళ్లుగా చేస్తున్నారు?"

నా భార్య అంటే సరిపోతుంది. లోయ చూడటం అయిపోయింది, ఇప్పుడు ఎవరినీ ఎవరూ వెనక్కి పంపరు. నేను ఆయన మొహం వంకే చూస్తున్నాను. ఆయన ఒకసారి ఆవిడ చేతిలో కాగితం చూసి, నవ్వారు.

"ఇరవై రెండేళ్లయింది. మా ఇంట్లో మనిషి లాగే" అన్నారు.

ఏడుపొస్తుందనుకున్నాను, రాలేదు. ఇన్నేళ్లకి ఆయన నా గురించి నిజం చెప్పారనిపించింది. నా భుజం మీదున్న అత్తయ్య చేతిని మెల్లగా తీసి ఆయన భుజం మీద పెట్టాను. పడిపోకుండా ఉందో లేదో చూసుకున్నాను. తర్వాత హెల్మెట్లావిడ వైపు తిరిగాను.

"తర్వాతి జట్టులో ఎవరైనా రాకపోతే నన్ను పంపండి" అన్నాను. "వీళ్ల దగ్గర ఇవాళ్టితో మానేస్తున్నాను."