అశోకుడి చెయ్యి

నెపోలియన్ కోటుకు మూడో గుండీ వేస్తూ ఇస్రాయేలు ఊపిరి బిగబట్టాడు. ఎడమచేతిలో రెండు మూరల వెదురుకర్ర ఉంది. దాని చివర చుట్టిన గుడ్డ ఉండ గోడకు ఆని ఉంది. ఆ కర్ర మీద కుడి మణికట్టు మోపి కుంచెను గుండ్రంగా తిప్పాడు. గుండీ కుదిరింది. ఊపిరి వదలగానే చెయ్యి మళ్ళీ వణకసాగింది. అటూ ఇటూ చూసి, చేతిని తన చొక్కా గుండీల మధ్య నుంచి లోపలికి దూర్చాడు.

ముప్పై ఏళ్ళుగా తిరుమలగిరిలో కిరాణా కొట్ల పేర్లు, ఎరువుల దుకాణాల బోర్డులు రాసింది ఆయనే. ప్రతి బోర్డుకూ కింది మూలన 'ఇస్రా ఆర్ట్స్' అని వంపు తిరిగిన సంతకం ఉండేది. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పేరు పాత షట్టర్ల మీద మాత్రమే మిగిలింది. ఏడాది నుంచి చెయ్యి కూడా మాట వినడం లేదు. ఆ సంగతి పెద్దసారు విజేందర్‌కు చెప్పకుండానే ఈ బడి గోడ పని ఒప్పుకున్నాడు. సారు చాయ్ పంపినప్పుడల్లా ఆ చెప్పని మాట గుర్తొచ్చి, తల ఎత్తకుండానే తాగేవాడు.

గోడ మీద నిలువెత్తున నలుగురు రాజులు. అశోకుడు, అక్బరు, శివాజీ, నెపోలియన్. తొమ్మిదో తరగతి పిల్లలు వాళ్ళను పోల్చి రాయాలని సారు ఆలోచన. రేపు జిల్లా అధికారులు చూడటానికి వస్తారు. వేళ్ళు వెయ్యడం ఇక తన వల్ల కాదని ఇస్రాయేలుకు తెలుసు. అందుకే అశోకుడి చేతులు పెద్ద డాలు వెనక దాచాడు. అక్బరు చేతుల మీద శాలువా కప్పాడు. శివాజీ చేతులు గుర్రం మెడ చాటుకు పోయాయి. నెపోలియన్ మాత్రం పుస్తకంలోని బొమ్మలోనే చెయ్యి కోటులో పెట్టుకుని ఉన్నాడు. అందుకే ఇస్రాయేలుకు ఆయన మీద కొంచెం అభిమానం కలిగింది.

మధ్యాహ్నం గంట కొట్టారు. బడిలో వంట చేసే శ్యామలమ్మ పళ్ళెంలో అన్నం, పప్పు తెచ్చి ఇచ్చింది.

"అన్నా, గీ టోపాయన ఎవరే?"

"ఫ్రాన్స్ రాజు, నెపోలియను. మస్తు దేశాలు గెలిచిండట. ఆఖరికి ఓ దీవిల ఖైదు జేస్తే ఆడనే సచ్చిపోయిండట. సారు చెప్పిండు."

"మరి గాయన?" ఆమె గరిటెతో అశోకుణ్ణి చూపించింది.

"ఆయన గూడ గెలిచిండు. గెలిచి, పీనుగులను జూసి సిగ్గుపడ్డడట."

"నలుగుర్ల ఒక్కడన్న కట్టెల పొయ్యి ఊదిండా? నూట ఇరవై మందికి వండుమను, ఎవడు పెద్దోడో నేను చెప్త." ఆమె గోడను ఇంకోసారి చూసింది. "ఒక్కనికి గూడ చేతులు కనబడవేందే? అందరికి వణుకుడు రోగమా?"

వరుసలో కూర్చున్న పిల్లలు నవ్వారు. ఇస్రాయేలు చేతిలో పళ్ళెం ఊగి, పప్పు అంచు దాటి మోచేతి దాకా కారింది. శ్యామలమ్మ ఆ చెయ్యి చూసింది. ఆమె నోట్లో నవ్వు సగంలోనే ఆగిపోయింది.

"జర చల్లారినంక తిను," అని వెళ్ళిపోయింది.

ఆయన తినలేదు.

మూడింటికి సారు వచ్చాడు. "అంతా బాగుంది పెద్దాయనా. ఒక్కటే మార్పు. అశోకునికి డాలు వద్దు. కత్తి కింద పడేసి ఖాళీ చెయ్యి చాపినట్టు వెయ్యాలె. మిగతా ముగ్గురికీ ఆయనకూ తేడా అదే. పిల్లలకు అది కనబడాలె."

అప్పుడైనా చెప్పాల్సింది. "అట్లనే సార్," అన్నాడు.

డాలు చెరిపి, కాళ్ళ దగ్గర కత్తి వేసి, చెయ్యి మొదలుపెట్టాడు. బొటనవేలు వచ్చింది. మిగతా వేళ్ళు ఒకదాంట్లో ఒకటి కలిసి అల్లంకొమ్ములా తయారయ్యాయి. కిరసనాయిలు గుడ్డతో తుడిచి మళ్ళీ వేశాడు, మళ్ళీ తుడిచాడు. మూడోసారికి అశోకుడి భుజం కింద మట్టిరంగు మరక మాత్రమే మిగిలింది.

బడి వదిలారు. గిన్నెలు తోముతున్న శ్యామలమ్మ లేచి వచ్చింది. మరక చూసింది. తడి చెయ్యి కొంగుకు తుడుచుకుని, అరచేతిని ఆ మరక మీద ఆనించి వేళ్ళు విప్పింది.

"గీయి."

"రాజు చెయ్యి అది, చెల్లె."

"బోళ్ళు తోమిన చెయ్యి పనికిరాదా?"

ఆయన సుద్దముక్క తీశాడు. అది వణుకుతూనే ఆమె వేళ్ళ అంచులు పట్టుకుని నడిచింది. గీత నిలిచింది. ఆమె చిటికెనవేలు ఎప్పుడో పొయ్యి దగ్గర కాలి వంకర పోయింది. ఆ వంకరతో సహా రంగు నింపాడు.

సాయంత్రం సారు వచ్చి అశోకుడి చెయ్యి చూశాడు. "నిజం చెయ్యి లెక్కనే ఉంది. కింద నీ పేరు రాసుకో."

"వద్దు సార్."

"ఎందుకే?"

ఇస్రాయేలు చొక్కాలోంచి కుడిచెయ్యి బయటికి తీసి సారు ముందు పెట్టాడు. అది ఆగకుండా వణుకుతోంది. "ముందుగాల్నే చెప్పకపోతి. నాది తప్పు సార్."

సారు గోడ వైపు తిరిగాడు. శ్యామలమ్మ గిన్నెలు బోర్లిస్తూ తల ఎత్తలేదు. ఇస్రాయేలు రంగు డబ్బాలు సైకిలుకు తగిలించుకుని, ఎక్కకుండా నడిపించుకుంటూ గేటు దాటాడు.

బతుకమ్మ సెలవులు అయిపోయాక ఆయన చనిపోయాడని బడికి కబురు వచ్చింది. పిల్లలు ఇప్పటికీ నలుగురు రాజులనూ పోల్చి రాస్తూనే ఉన్నారు. ఆయన సైకిలుకు కట్టుకోవడం మరిచిన వెదురుకర్ర నెపోలియన్ బూట్ల దగ్గర గోడకు ఆనించి ఉంది, నడిమిన మణికట్టు మోపినచోట అరిగి నున్నబడి.