శిక్షణకు పంపిన మరదలు

వదిన బ్యాగులో స్వెటర్ మీద స్వెటర్ కుక్కుతుంటే, మరదలు జిప్పు అంచులు దగ్గరికి లాగి పట్టుకుంది.

"నన్ను శిక్షణకి పంపిస్తున్నావా, కాపురానికి పంపిస్తున్నావా?"

"నోరు మూసుకుని గట్టిగా లాగు. అక్కడ చలి."

ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే ఆఫీసు. ఇద్దరూ ప్రోగ్రాములు రాస్తారు. వదిన టీమ్‌కి పెద్ద. శిక్షణకని ఆఫీసు ఏటా ఇచ్చే డబ్బు ఎలా ఖర్చుపెట్టాలో ఆమే తేల్చాలి. ఒకళ్ళని దూరం పంపడం, వాళ్ళొచ్చి మిగతావాళ్ళకి చెప్పడం అక్కడి అలవాటు. బాగా చెప్పగలిగేది మరదలే కనక ప్రతిసారీ ఆమే వెళ్ళేది. తిరిగొచ్చాక కూర్చుని వినే తీరిక ఎవరికీ లేక, పని రానివాళ్ళు రానట్టే ఉండిపోయారు.

"ఇప్పటికైనా మించిపోలేదు వదినా. ఆ డబ్బుతో మంచి మాస్టారుని ఇక్కడికే పిలుద్దాం. మన బిల్లుల ప్రోగ్రామే ముందేసుకుని అందరం నేర్చుకుందాం. వారానికి ఒక్క పూట పని ఆపు, చాలు."

"పూట ఎక్కణ్ణుంచి తేను? ఈ కొత్త ప్రోగ్రాం రిలీజ్ అయిపోనీ."

"నీ రిలీజు అయ్యేసరికి నాకు తల నెరుస్తుంది."

"నెరిస్తే రంగేస్తాలే."

ఇద్దరూ నవ్వారు. మరదలు వెళ్ళొస్తానంది. ఆ మాటలో రావడం కూడా ఉంది కదా అని మనం నిశ్చింతగా తలుపేసుకుంటాం.

వారం తిరక్కుండానే ఫోన్ వచ్చింది.

"క్లాసులు అంతంతమాత్రమే వదినా. కానీ అవి నడిపే కంపెనీ వాళ్ళు తమ ఆఫీసు చూపించారు. శుక్రవారం మధ్యాహ్నం ఎవరూ కొత్త పని ముట్టుకోరు. ఒకరు రాసింది ఇంకొకరు విప్పి చదువుతారు. తెలీదని చెప్పడానికి ఎవరికీ సిగ్గే లేదు!"

ఇంట్లో ఎన్నడూ వినని హుషారు ఆ గొంతులో.

"నన్ను ఉండిపొమ్మంటున్నారు. ఆ పూట నువ్విస్తానంటే వచ్చేస్తాను. ఒట్టు."

వదిన నాలిక చివరిదాకా వచ్చింది, ఇస్తానని.

"ఈ రిలీజ్ ఒక్కటి..." అంది.

"సరేలే. అన్నయ్యకి మందులు మానొద్దని చెప్పు."

తర్వాత నెలలోనే బిల్లుల ప్రోగ్రాం మొరాయించింది. దాన్ని విప్పే ధైర్యం ఎవరికీ లేదు. అప్పుడు వదిన పని ఆపించి, అందర్నీ ఒక్క తెర ముందు కూర్చోబెట్టింది. ఎప్పుడూ నోరెత్తనివాడు మొదటి ప్రశ్న వేశాడు. "నాకూ తెలీదురా, చూద్దాం పట్టు," అంది. సాయంత్రానికి తప్పు దొరికింది. ఆ పూటకి పైసా ఖర్చు కాలేదు.

వదిన ఆఫీసు మెట్ల మీంచే ఫోన్ చేసింది. "మొదలుపెట్టామే! ఇక వారం వారం. వచ్చెయ్."

"ఎంత మంచి మాట చెప్పావు వదినా," అంది మరదలు. నిజంగానే సంతోషించింది. "కానీ నేనిక్కడ ఉద్యోగానికి సంతకం పెట్టేశాను."

మరదలు డిసెంబరులో వెళ్ళింది. ఏడాది తిరిగినా రాలేదు. తర్వాత ఏ ఏడాదీ రాలేదు.