లోపలివాళ్లెవరూ తిప్పలేదు

ఖల్లికోటలో పిన్నిగారింటి పెళ్లి చూసుకుని హరిచందన పొద్దుటి పాసింజరు ఎక్కింది. మర్నాడే బరంపురంలో ఆమె సెమినారు.

గణితంలో అనంత సమూహాల ఆటోమార్ఫిజాల మీద ఆమె పరిశోధన. సమూహంలో మూలకాలన్నీ చోట్లు మారినా వాటి మధ్య లెక్క చెడకుండా ఉండే మార్పే ఆటోమార్ఫిజం. ఒక్కోసారి ఆ మార్పును సమూహంలోని మూలకమే చేస్తుంది. కొన్నికొన్నిగా చూసినప్పుడల్లా లోపలి మూలకమే తిప్పినట్టు కనిపిస్తే, మొత్తాన్ని తిప్పిందీ లోపలి మూలకం ఒక్కటే అయి ఉండాలని ఆమె గైడు కూర్మారావు తాము పరిశీలిస్తున్న సమూహం గురించి ఏనాడో ఊహించారు. దాన్ని నిరూపించడమే ఆమె పని. ఒక్క మెట్టు తప్ప అంతా కుదిరింది.

కిటికీ అవతల చిలికా నీళ్లు తెల్లగా సాగుతున్నాయి. రంభ దాటకముందే హరిచందనకు కన్నంటుకుంది.

కలలో చివరలేని వీధి. ఇంటింటి ముందూ మూడు మూలల ముగ్గు. ఆ వీధివాళ్లలో ఎవరైనా కొన్ని గుమ్మాల ముగ్గులే తిప్పగలరు, తక్కినవాటి జోలికి పోలేరు. అయినా ఆమె నడిచినంత మేరా ప్రతి ముగ్గూ తిరిగే ఉంది.

"ఈ నాలుగిళ్లవీ ఎవరు తిప్పారు?"

"నానే," అంది అరుగు మీది ముసలమ్మ.

"మరి అన్నీ?"

ముసలమ్మ మెత్తగా నవ్వింది. "అన్నీ తిప్పినోలు మాలో ఎవలూ నేరమ్మా."

ఛత్రపూర్‌లో బండి కుదుపుకు మెలకువ వచ్చింది. అలాంటి ఉదాహరణ పుస్తకాల్లో ఉన్నదే. తమ సమూహంలో అది ఇమడదని గురుశిష్యులిద్దరూ నమ్మారు. కుదరని ఆ మెట్టు దగ్గరే వీధి మొత్తం దాగి ఉందని ఇప్పుడు తెలిసింది. సంతోషం వేసింది, వెంటనే దిగులూ వేసింది. సార్‌కి ఏమని చెప్పాలి?

బరంపురం స్టేషన్ నుంచి తిన్నగా ఆయన గదికి వెళ్లింది.

"ఏటమ్మా, పెళ్లి బాగా అయ్యిందా?"

"అయ్యింది సార్. మన ఊహ తప్పు సార్."

కూర్మారావు సుద్దముక్క అందించారు. ఆమె రాస్తుంటే ఒక్కసారీ అడ్డు రాలేదు. రాయడం అయ్యాక కళ్లజోడు తీసి తుడుచుకుని, బోర్డు మొదటి వరస నుంచి మళ్లీ చదివారు.

"అయితే ఎవలు తిప్పినట్టు?"

"లోపలివాళ్లెవరూ కాదు సార్."

"ఇన్నేళ్లూ నాను లోపలే ఎతికేను," అన్నారాయన. ఆమె తల దించుకుంది. ఆయన లేచి బోర్డు దగ్గరికి వచ్చారు. "ఇలాంటి మార్పులు ఎన్నుంటాయి?"

"లెక్కపెట్టడానికి వీల్లేనన్ని."

ఆయన ముఖం చిన్నపిల్లాడి ముఖంలా విప్పారింది. "రేపు ఇదే సెప్పు. తప్పిన ఊహ నాదని కూడా సెప్పు. మర్చిపోకు."

మర్నాడు ఆమె చెప్పింది. ముందు వరసలో కూర్చున్న కూర్మారావు, అంతా అప్పుడే వింటున్నట్టు, అందరికంటే ముందు చెయ్యెత్తి, "మరి తిప్పినోలు ఎక్కడున్నట్టు?" అని అడిగారు. ఆమె ఆ ప్రశ్నను బోర్డు మీద రాసి, కింద చోటు వదిలింది.