పెట్టె బండి చక్రాలు

చర్చిలో ఊడ్చిన చెత్తను గడప అవతలికి నెట్టి, విశ్వాసమ్మ బొడ్లో దోపుకున్న తాళంచెవి తీసి చర్చి వెనక రేకుల షెడ్డు తెరిచింది. దాన్ని ఊడవడమూ ఆమె పనే. లోపల ఉండేది ఒక్కటే, శవపెట్టెను సమాధుల తోటకు తోసుకుపోయే బండి. ఇప్పుడు ఆ బండికి చక్రాలు లేవు. ఇనుప చట్రమూ, పైన బల్లా నాలుగు రాళ్ల మీద ఎత్తిపెట్టి ఉన్నాయి.

వాటిని చూసినప్పుడల్లా ఆమెకు ఒళ్లు మండిపోతుంది. ఉగాదికి ముందు జయకుమార్ వచ్చి, "రెండు దినాలే అక్కా, తీస్కపోయి మల్లా తెచ్చి బిగిస్తా" అని చక్రాలను ఇరుసులతో సహా ఊడదీసుకుపోయాడు. ఉగాది పోయింది, శ్రమదినాలు పోయాయి, ఈస్టరూ పోయింది. మే ఎండకు షెడ్డు రేకులు పటపటమంటున్నాయి. జయకుమార్‌కు ఆత్మకూరు రోడ్డు మీద వెల్డింగ్ షాపు ఉంది. సంఘానికి సెక్రటరీ. కొత్త మైకుసెట్టు ఇప్పించిన పెద్దమనిషి. అందుకని చక్రాల సంగతి ఎత్తడానికి ఎవరికీ నోరు పెగలదు.

ఆయనగారు కారు కడుతున్నాడు. పాతకాలం మోడలు, పైన టాపు లేనిది. విడి భాగాలు పెట్టెల్లో తెప్పించుకుని తానే బిగించుకుంటున్నాడు, పెళ్లి ఊరేగింపులకు అద్దెకు తిప్పాలని. దాని అసలు టైర్లు ఇంకా రాలేదు. షాపులోకి ట్రాక్టరు ట్రాలీలు వచ్చినప్పుడల్లా ఆ సగం కారును బయటికి తోయాలి, సాయంత్రం మళ్లీ లోపలికి తోయాలి. అందాకా తాత్కాలికంగా నాలుగు చక్రాలు కావలసి వచ్చాయి. ఊళ్లో ఎవరి ట్రాలీ చక్రం ముట్టుకున్నా చెయ్యి విరగ్గొడతారు. అడిగే దిక్కులేనివి చచ్చినవాళ్ల చక్రాలే.

ఆ బండి ఎట్లా వచ్చిందో జయకుమార్‌కు తెలియక కాదు. విశ్వాసమ్మ మామ పోయిన రోజు, ఊరవతల తాముండే గేరిలోని మగవాళ్లంతా గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి వలసపోయి ఉన్నారు. భుజం పట్టేవాళ్లు లేరు. ఎద్దులబండి అడగడానికి ఊళ్లోకి పోతే, మీ గేరి పీనుగు మా బండెక్కితే ఇంక ఎద్దులు దాన్ని లాగుతాయా అన్నారు. విశ్వాసమ్మా, ఆమె అత్త దీనమ్మా ఇంటి తలుపు ఊడదీసి, ఆ చెక్క మీదే ఆయన్ను మోసుకుపోయారు. చేతులు పడిపోయి దారిలో దించుకుంటూ, ఎత్తుకుంటూ పోయారు. రాత్రికి కుక్కలు దూరతాయని అదే తలుపు మళ్లీ బిగించుకున్నారు.

ఆ తర్వాత దీనమ్మ ఊరుకోలేదు. ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు దేవునికని తీసి పక్కన పెట్టడం సంఘంలోని ఆడవాళ్లకు తాతలనాటి అలవాటు. ఆ బియ్యం అమ్మిన డబ్బు పెట్టె బండికి పోవాలని ఆమె పట్టుబట్టింది. అప్పటి పాస్టరుగారు కోప్పడ్డాడు. అయినా సంచి చంకన వేసుకుని ఇల్లిల్లూ తిరిగింది. వానలు ఎగ్గొట్టిన ఏళ్లలోనూ తిరిగింది. బండి వచ్చాక గేరిలో పోయినవాళ్లందరూ, కలిగినవాళ్లూ లేనివాళ్లూ, దానిమీదే పోయారు.

ఇప్పుడు దీనమ్మే మంచాన పడి ఉంది. మెతుకు మింగక చాలా రోజులైంది. విశ్వాసమ్మ చర్చి నుంచి వచ్చి తడిగుడ్డతో పెదాలు తుడుస్తుంటే అత్త కళ్లు తెరిచింది.

"మ్మే, బండి వచ్చినాదా?"

"వచ్చినాది లేత్తా. గ్రీసు గూడా పెట్టినారు."

ముసలామె నమ్మి కళ్లు మూసుకుంది. విశ్వాసమ్మ తడిగుడ్డ పిండి పక్కన పెట్టింది. మొగుడు శామ్ మంగంపేట ముగ్గురాయి గనుల్లో పనికని పోయి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నప్పుడు, కొడుకును కాదని కోడలి దగ్గర ఉండిపోయిన మనిషి ఈమె. ఈమెకు తప్ప విశ్వాసమ్మ ఎవరికీ బాకీ లేదు, ఈమెతో అబద్ధమాడే అవసరం ఈ రోజువరకు పడలేదు. పక్కింటి రెజీనాను కాసేపు కూర్చోమని చెప్పి ఆమె షాపుకు నడిచింది.

కారు బయట ఎండలో మెరుస్తోంది. జయకుమార్ ముందు లైటును గుడ్డపెట్టి రుద్దుతున్నాడు.

"ఏమప్పా, మాయత్త ఈ పొద్దో రేపో అన్నట్టుండాది. మా చక్రాలియ్యి."

"ఇస్తానక్కా, యాడికి పోతాయి. టైర్లు లారీలో వస్తాండాయంట."

"ఉగాది కాడ్నుంచి వస్తానే ఉండాయి గదప్పా."

"ఇప్పుడు పీకితే కారు నేలన పడ్తాది. అయినా ముసలామె ఇంగా బతికే ఉండాది గదక్కా."

విశ్వాసమ్మ మోకాళ్ల మీద కూలబడి కారు కిందికి తొంగిచూసింది. ఇరుసులను నడిమికి కోసి, మధ్యలో పైపు ముక్కలు పెట్టి అతికించాడు. ఆ ఇరుసులను మళ్లీ కారు చట్రానికి కలిపి వెల్డింగ్ చేశాడు. అంటే ఈ చక్రాలు ఇంక బండికి పనికిరావు. రెండు దినాలని తీసుకుపోయినవాడు ఆ రోజే వాటిని కోసేశాడు.

ఆమె లేచి అతని ముఖంలోకి చూసింది. జయకుమార్ మళ్లీ లైటు రుద్దడం మొదలుపెట్టాడు.

"బండి సన్నం, కారు ఎడల్పు. ఏం జేసేదక్కా? కొత్త ఇరుసులు చేయిస్తాలే."

విశ్వాసమ్మ మోకాళ్లకంటిన మట్టి దులుపుకుంది. ఇన్నేళ్లూ చర్చిలో వీళ్ల చెప్పుల మట్టి ఎత్తిపోసింది, వీళ్ల పిల్లలు కక్కితే కడిగింది, ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు. ఆ మంచితనం మీదే ఇప్పుడు ఆమెకు అసహ్యం వేసింది.

ఇంటికి వచ్చేసరికి రెజీనా గుమ్మంలో నిలబడి ఉంది. దీనమ్మ నోట్లో పోసిన నీళ్లు పెదవి చివరనుంచి మెడ మీదికి కారి ఉన్నాయి. నిద్రలోనే పోయిందని రెజీనా మెల్లగా చెప్పింది. విశ్వాసమ్మ కొంగుతో ఆ తడి తుడిచింది.

ఎండాకాలం, సాయంత్రంలోపు మట్టి చేయాలి. పెట్టె వచ్చింది. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేసి, బండి సంగతి గుర్తొచ్చి తల గోక్కున్నాడు. పంచాయతీ చెత్త ట్రాక్టరు కడిగించి తెప్పిద్దామా అన్నాడు. విశ్వాసమ్మ ఆడవాళ్ల వైపు తిరిగి, "రాండి" అని మాత్రం అని ముందు నడిచింది.

మగవాళ్లు కూలికి పోయి ఉన్నారు కాబట్టి షాపుకు వచ్చింది అందరూ ఆడవాళ్లే. కారులో ఆ మధ్యాహ్నమే తెచ్చి ఉంచిన ఎర్ర మఖమల్ సీటును నలుగురు పట్టుకుని లేపి రోడ్డు పక్కన దించారు. మిగిలినవాళ్లు వెనక చేరి తోశారు. జయకుమార్ పరిగెత్తుకొచ్చి అడ్డం నిలబడ్డాడు.

"అక్కా, పెండ్లి కారిది. పీనుగునెక్కిస్తే మల్లా దీంట్లో పెండ్లికొడుకు ఎవురు కూర్చుంటాడు? నా బతుకు నాశనమైతాది."

"చక్రాలు మావి. వాటి మింద నువ్వేమి అతికిచ్చుకున్నావో మాకు తెల్దు. కావాలంటే కోసుకో. మేము ఈడ్నే నిలబడతాం."

కోసే మిషను షాపులో చేతికందే దూరంలోనే ఉంది. అతను దానివైపు చూశాడు, ఆడవాళ్లవైపు చూశాడు, రోడ్డు మీద ఆగిన ఆటోవాళ్లవైపు చూశాడు. తర్వాత పక్కకు జరిగాడు.

ఇంటి ముందుకు తోసుకొచ్చాక, పెట్టె ఆ కారులో ఇమిడిపోయింది. స్టీరింగు ఉందిగాని దేనికీ తగిలించలేదు, అందుకని మలుపు వచ్చిన ప్రతిచోటా ఆడవాళ్లు వెనకభాగం ఎత్తి పక్కకు జరిపి, మళ్లీ తోశారు. పాడుతున్న కీర్తన మాత్రం ఆగలేదు. ఎద్దులబండి ఇవ్వనివాళ్ల ఇళ్ల ముందు విశ్వాసమ్మ కావాలనే మెల్లగా తోయించింది. జయకుమార్ చివర్న తలొంచుకుని నడిచాడు, గుంటలో అందరిలాగే పిడికెడు మట్టి వేశాడు.

తిరిగి వచ్చేటప్పుడు రోడ్డు చీలేచోట అతను కారును షాపువైపు తిప్పబోయాడు. ఒక్క చెయ్యీ సాయం రాలేదు. కారు నేరుగా చర్చికి పోయింది. ఆడవాళ్లు పాత బండి చట్రాన్ని బయటికి ఈడ్చి, కారును షెడ్డులోకి తోశారు. తలుపులు బిగుతుగా మూసుకున్నాయి. విశ్వాసమ్మ తాళం వేసి చెవిని బొడ్లో దోపుకుంది.

"మా బండి మాకు చేసి తెచ్చినాక నీ కారు తీస్కపోప్పా. అంతవరకు ఈ గేరిలో ఎవురు పోయినా దీంట్లోనే పోతారు."

జయకుమార్ పాస్టరుగారి వైపు చూశాడు. పాస్టరుగారు బైబిలు సంచిలో పెట్టుకుంటూ ఉండిపోయాడు.

పొద్దు వాలాక ఆమె ఒక్కతే ఇంటి దారి పట్టింది. ఏడుపు అప్పుడొచ్చింది. అత్త కోసం వచ్చిందో, అబద్ధం చెప్పి పంపినందుకు వచ్చిందో, ఆపుకోవాలని మాత్రం ఆమెకు అనిపించలేదు. వెల్డింగ్ షాపు మూసి ఉంది. రోడ్డు పక్కన ఎర్ర మఖమల్ సీటు దించినచోటే ఉంది, పోయే ప్రతి లారీ దానిమీద ఇంత దుమ్ము పోసి పోతోంది.