అరచేతిలో పది మాటలు

ఆయిల్ కొలిచే కడ్డీని గుడ్డతో తుడిచి, అంకె చూసి, గోడమీది పలకపై రాయబోయాడు గడియారం. అప్పటికే అక్కడ అదే అంకె, తన రాతలోనే ఉంది. చుట్టూ ఎవరూ లేరు. అయినా గబగబా చేత్తో చెరిపేశాడు.

కొండమీది గనిలో పద్దెనిమిదేళ్లుగా జనరేటర్ నడుపుతున్నాడు. ఒక్కరోజూ నిమిషం ఆలస్యం చెయ్యలేదని అందరూ గడియారం అని పేరు పెట్టారు. అంత ఎత్తున గాలి పలచన. ఏళ్ల తరబడి ఉన్నవాళ్లని మతిమరుపు పట్టుకుంటుంది. దానికి మందు పరీక్షించాలని డాక్టరమ్మ నాలుగు నెలల కిందట వచ్చింది. రోజూ మాత్రలు ఇస్తుంది. వారానికోసారి పది మాటలు చదివి వినిపించి, అరగంటాగి అప్పజెప్పమంటుంది. తప్పినవాళ్లని కిందికి పంపేస్తారని పుకారు. కింద అతనికి చేతనైన పని లేదు. అందుకే వినగానే ఇంజను చూసొస్తానని బయటికెళ్లి, మరిచిపోకముందే ఆ మాటలు అరచేతిలో రాసుకునేవాడు.

ఆ ఉదయమూ పదీ చెప్పాడు.

డాక్టరమ్మ ముఖం విప్పారింది. "మిమ్మల్ని చూశాకే నాకు ధైర్యం వచ్చిందండీ. లారీ డ్రైవర్‌ని కిందికి పంపేద్దామనుకున్నా. మందు మీకింత బాగా పనిచేస్తోంది కదా, అతనికి మోతాదు పెంచి ఇక్కడే ఉంచుతున్నా."

లారీ డ్రైవర్ అతని బావమరిది. మలుపు దగ్గర బ్రేకు ఏ కాలికిందో తోచక క్షణంపాటు బిక్కచచ్చిపోయానని నిన్ననే చెప్పి నవ్వాడు. గడియారమూ నవ్వాడు.

ఇప్పుడు చెయ్యి బల్లమీద వెల్లకిలా పెట్టాడు. చెమటకి సిరా అలికినా మాటలు కనబడుతూనే ఉన్నాయి.

ఆమె చాలాసేపు ఆ చేతినే చూసింది. "ఎన్నాళ్లనుంచి?"

"మొదటినుంచీ, తల్లీ. మొదటివారం అరగంటాగి చెయ్యి చూడకుండా అనుకుంటే మూడే గుర్తొచ్చాయి. మూడే అని చెప్పడానికి నోరు రాలేదు."

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది. కాగితాల్లో అతని వరసంతా నిదానంగా కొట్టేసి, "మీరూ, అతనూ ఇవాళే దిగండి" అంది.

మధ్యాహ్నం జీపులో బావమరిది ముఖం అటు తిప్పుకుని కూర్చున్నాడు. రెండు మలుపులు దాటాక అడిగాడు.

"అక్కకేం చెబుతావ్ బావా?"

గడియారం జవాబు కోసం వెతుక్కున్నాడు. కొంతదూరం పోయాక ప్రశ్నే చేజారిపోయింది. ఏమడిగావని మళ్లీ అడగడానికి సిగ్గేసి, కిటికీలోంచి రాళ్లు చూస్తూ ఉండిపోయాడు.

పైన జనరేటర్ గదిలో, తలుపు వెనక మేకుకి అతని ఉన్ని కోటు వేలాడుతోంది. మోచేతుల దగ్గర వంపు ఇంకా పోలేదు. ఇంజను అదురుకి ఖాళీ చేతులు రెండూ సన్నగా ఊగుతున్నాయి.