రాయనివ్వని ఫోల్డర్

షాపు తెరిచి అగరొత్తి వెలిగించేలోపే కనకరాజు వచ్చి నిలబడ్డాడు. పొద్దున్నే ఎవరైనా నెత్తిమీద నిలబడితే నాకు ఒళ్లు మండుతుంది.

నాచారంలో మాది చిన్న డీటీపీ షాపు. పెళ్లి కార్డులు, విజిటింగ్ కార్డులు, దశదిన కర్మ కార్డులు చేస్తాం. ఓనరు హన్మయ్య గారు, ఆపరేటర్ని నేను. నాకు ముందు ఈ కుర్చీలో తిరుపతి కూర్చునేవాడు. ఒక మధ్యాహ్నం టీ తాగొస్తానని బయటికెళ్లి మళ్లీ రాలేదట. అది జరిగి ఏడాది దాటింది. కనకరాజు అతని అన్న.

"మా తమ్ముని దినాల కార్డు జెయ్యాలమ్మా" అన్నాడు.

ఉప్పల్ దగ్గర మూసీలో శవం దొరికిందట. ముఖం గుర్తుపట్టేలా లేదు. చొక్కా చూసి మనవాడేనన్నారు, దహనం కూడా చేసేశారు. తిరుపతి భార్య సాలమ్మ ఒక్కతే ఒప్పుకోవడం లేదు. అలాంటి చొక్కాలు ఉప్పల్ రోడ్డు మీద కుప్పలు పోసి అమ్ముతారు అంటుందట.

"గామె మాటకేంది. పదో దినం గాజులు తీస్తే తానే ఊకుంటది" అన్నాడు కనకరాజు.

ఆ మాట నాకు బొత్తిగా నచ్చలేదు. అయినా మనకెందుకులే అనుకుని పనిలో పడ్డాను. తిరుపతి పేరుతో కొత్త ఫోల్డర్ చేసి, కంప్యూటర్లో ఉన్న అతని ఫోటో వెతికి అందులో వేసి, కార్డంతా టైపు చేశాను. సేవ్ అవుతూనే ఉంది. చివరికి మరణించిన తేదీ కొట్టి సేవ్ చేయబోతే మాత్రం కాలేదు. అనుమతి లేదంది.

నా చేత్తో చేసిన ఫోల్డర్‌కి నాకే అనుమతి లేకపోవడమేమిటి? రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ తెరిచాను. రాయడానికి వీల్లేదన్నట్టు 'డినై' గడిలో టిక్కు ఉంది. తీసేశాను. మళ్లీ తేదీ కొట్టాను, మళ్లీ కాదంది. వెళ్లి చూస్తే టిక్కు ఎప్పటిలాగే ఉంది. దయ్యాల సంగతి నాకు తెలియదు గానీ వైరస్‌ల సంగతి బాగా తెలుసు. షాపు మూసేదాకా స్కాన్ చేశాను, ఏమీ దొరకలేదు. పక్క ఫోల్డర్లో పెళ్లి కార్డు మాత్రం బుద్ధిగా సేవ్ అవుతోంది.

మర్నాడు అడ్వాన్స్‌డ్ నొక్కి, ఆ ఫోల్డర్ ఓనర్ ఎవరో చూశాను. నా పేరు ఉండాలి. ఇంగ్లీషులో తిరుపతి అని ఉంది.

హన్మయ్య గారిని పిలిచాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని వంగి చూశారు. "గా పిలగాని అకౌంట్ పోయిన దసరాకే తీసేసిన బిడ్డా. గీ పేరు ఏడికెల్లొచ్చింది?"

"అదే నాకూ అర్థం కావడం లేదు సార్. అకౌంట్ తీసేస్తే పేరు రాదు. పేరుండాల్సిన చోట పొడుగాటి నంబరొకటి వస్తుంది."

ఓనర్‌గా నా పేరు పెట్టాను. మూసి తెరిస్తే మళ్లీ తిరుపతి. అప్పుడు నిజంగా భయమేసింది. హన్మయ్య గారు వెళ్లి ఇంకో అగరొత్తి వెలిగించారు, మొదటిది ఇంకా కాలుతుండగానే.

ఆ మధ్యాహ్నం సాలమ్మ వచ్చింది. అప్పటిదాకా ఆమెను నేను చూడలేదు. ఏదో కంపెనీలో ప్యాకింగ్ పని, మెడలో ఐడీ కార్డు, చేతుల నిండా ఆకుపచ్చ గాజులు.

"ఆయన కార్డు అయ్యిందా అక్కా?"

అవలేదన్నాను. ఎందుకవలేదో కూడా చెప్పేశాను. స్క్రీన్ మీద పేరు చూపించి, అకౌంట్ తీసేశాక అక్కడ నంబరు రావాలనీ చెప్పాను. ఆమెకు ఇంగ్లీషు రాదు. అయినా ఆ అక్షరాల వంక చాలాసేపు చూసింది.

"రాయనిస్తలేడా?"

"రాయనివ్వడం లేదు."

"మనిషిని తీసేస్తె నంబరొస్తదంటివి. పేరుంటె ఉన్నట్టేనా?"

"కంప్యూటర్ లెక్కయితే అంతే" అన్నాను.

"గట్లయితె ఉన్నడు" అని డ్యూటీకి వెళ్లిపోయింది.

ఆ తర్వాత రోజూ వచ్చేది. నేను ఆ పేజీ తెరిచేదాన్ని. పేరు చూసుకుని, తలాడించి వెళ్లేది. మెల్లగా నాకూ అదే అలవాటైంది. వచ్చీ రాగానే ముందు ఆ పేరుందో లేదో చూసేదాన్ని, ఉంటే ప్రాణం కుదుటపడేది. కనకరాజుకు మాత్రం సిస్టం పాడైందని బొంకుతూ వచ్చాను. చివరికి అతను విసిగిపోయాడు.

"రేపు పొద్దుగాల ఇయ్యకుంటె ఏఎస్ రావు నగర్‌ల జేపిచ్చుకుంట. జర సోంచాయించు" అని వెళ్లిపోయాడు.

మర్నాడు ఫోల్డర్ తెరిచాను. డినై గడి ఖాళీగా ఉంది. శవం దొరికిన రోజు తేదీ కొట్టి చూశాను. ఏ అడ్డూ లేకుండా సేవ్ అయింది. ఓనర్ పేజీ తెరిస్తే పేరు లేదు. ఆ చోట పొడుగాటి నంబరు.

మెట్ల మీద సాలమ్మ చెప్పుల చప్పుడు వినిపించింది. గబగబా తేదీ చెరిపేశాను. డినై గడిలో నేనే టిక్కు పెట్టాను.

"ఇవాళ కూడా రాయనివ్వడం లేదు, చూడు" అన్నాను, టిక్కు చూపిస్తూ.

ఆమె టిక్కు వంక చూడలేదు. "గిది కాదక్కా. పేరున్నది సూపెట్టు."

చూపించక తప్పలేదు. ఆ నంబరు మీద మొదటి నుంచి చివరిదాకా వేలు పెట్టి జరిపింది. గాజులు స్క్రీన్‌కు తగిలి చప్పుడయ్యాయి. ఏడవలేదు. కస్టమర్ల స్టూలు లాక్కుని కూర్చుంది. నాకే ఏడుపొచ్చింది.

"అంటె మూసీల దొరికినాయన ఈయన గాదు" అంది.

"కాదు."

"నిన్నటి దాంక ఏడనో ఉన్నడు."

"ఉన్నాడు" అన్నాను.

బయట కనకరాజు బండి ఆగింది. సాలమ్మ అటు తిరగలేదు.

"టిక్కు తియ్యక్కా. నువ్వు వెట్టిందే గదా అది."

తీసేశాను. తేదీ దగ్గర కర్సర్ కొట్టుకుంటోంది. శవం దొరికిన తేదీ మళ్లీ కొట్టబోతుంటే నా చెయ్యి పట్టుకుంది.

"గది వద్దు. ఇయ్యాల్టి తారీఖు ఎయ్యి. పది దినాలు ఇయ్యాల్టి సంది లెక్కవెట్టుమని మా బావకు చెప్పు. అప్పటిదాంక నా గాజులు ఎవ్వలూ ముట్టొద్దు."

ఆ రోజు తేదీ వేశాను. సేవ్ అయింది.