గిడ్డమ్మ పడుగు మీదికి దిగిన విమానం

గిడ్డమ్మ నోటికి జడిసి ఎర్రబండపల్లెలో కుక్కలు కూడా పక్కసందులోంచి పోయేవి. అలాంటి మనిషి ఆ రాత్రి నోరెత్తకుండా పని చేస్తోందంటే కారణం ఒక్కటే, భయం. యుద్ధమొచ్చి నూలుకు కంట్రోలు పెట్టాక నాలుగు నెలలు ఖాళీ మగ్గం ముందు కూర్చుంది. ఇన్నాళ్ళకు ఒక్క పడుగుకు సరిపడా నూలు చేతికొచ్చింది. ఇదీ చెడిందంటే మళ్ళీ ఎప్పుడిస్తారో ఆ ఇచ్చేవాడికే తెలియదు.

ఎండాకాలం అక్కడ పడుగులకు గంజి పెట్టేది కోడి కూయకముందే. పొద్దెక్కిందా, వడగాలికి గంజి బిగిసి పోగులన్నీ పుల్లలై కూర్చుంటాయి. అందుకని ఊరి బయటి ఎండిన చెరువులో ఆరిళ్ళవాళ్ళు తమ పడుగులను ఒకదాని వెనక ఒకటి కర్రల మీద చాపారు. తెగిన పోగు కనబడాలి కదా, అటొక వరస, ఇటొక వరస లాంతర్లు పెట్టారు. కడప దగ్గర మిలిటరీవాళ్ళ విమానాలు దిగే మైదానంలోనూ రాత్రిళ్ళు అచ్చం ఇలాగే రెండు వరసల దీపాలు పెడతారని ఆ నేతగాళ్ళకేం తెలుసు పాపం!

ఆకాశంలో ఏదో గురగురమంది. చూస్తుండగానే ఒక విమానం దీపాల మధ్యకు దూసుకొచ్చింది. జనం గంజి కుంచెలు పారేసి పరిగెత్తారు. నడిపేవాడికి ఆఖరి క్షణాన కింద తెల్లగా ఏదో కనబడినట్టుంది, పక్కకు లాక్కుని గట్టినేల మీద దిగాడు. అంతా దాటిపోయిందనుకునేసరికి, ఒక చక్రం పక్కకు జారి చిట్టచివరి పడుగు కొసను తొక్కేసింది. ఆ చివరిది గిడ్డమ్మది. అదృష్టమంటే ఆమెదే!

విమానంలోంచి ఇద్దరు దొరలు దిగారు. ఒకడు మీసాలవాడు, పెద్దవాడు. రెండోవాడు సన్నటి కుర్రదొర. అందరూ దూరం జరిగితే గిడ్డమ్మ ఒక్కతే ఎదురెళ్ళింది.

"మీ మొగాలు మండ! కండ్లు యాడ పెట్టుకోనుండార్రా?"

ఊళ్ళో ఇంగ్లీషు వచ్చింది మిషన్ బడి అయ్యవారు ఏసురాజుకే. ఆయన పంచె బిగించుకుంటూ పరిగెత్తుకొచ్చి, దొరలతో మాట్లాడి, మెల్లగా చెప్పాడు.

"గిడ్డమ్మక్కా, ఇదే కడప అనుకున్యారంట."

"కడపైతే మాత్రం పడుగు తొక్కొచ్చునా?"

"తప్పయిందంటాండారు. తెల్లారకముందే పోవల్లంట. ఊరు తెలీక చెరువులో దిగినారని వాళ్ళ పెద్దదొరకు తెలిస్తే కొలువు పోతాదంట. మనం లాంతర్లు వరసగా పట్టుకుంటే ఎగిరిపోతారంట."

గిడ్డమ్మ పడుగు కొసను చేతిలోకి తీసుకుంది. రెండొందల పోగులకు పైనే తెగాయి. గంజి ఆరేలోపు అతక్కపోతే పడుగు మొత్తం చిక్కుపడి గంగపాలు. చేతులా, ఆమెవి రెండు, కోడలు అంజనమ్మవి రెండు. ఇరుగుపొరుగును పిలుద్దామంటే ఎవరి తడిపడుగు వాళ్ళ ప్రాణం తోడేస్తోంది. ఆమె దొరల వైపు తిరిగింది.

"అయ్యవారూ, మా వీధి కట్టు చెప్పు ఆ దొరలకు. తెంపినోడే అతకల్ల. మా పెద్దరెడ్డి ఎద్దు తెంపితే రెడ్డే కూచోని అతికినాడు. లాంతర్లు మావి. పోగులతికితేనే దీపం."

ఏసురాజు గుటకలు మింగుతూ చెప్పాడు. మీసాలదొర మొహం గోంగూర నమిలినట్టయింది. కుర్రదొర మాత్రం టోపీ తీసి, బాసిపట్లు వేసుకుని కూర్చున్నాడు. ఇక మీసాలదొరకూ తప్పలేదు.

రెండు కొసలు కలిపి, మెలివేసి, వేలితో ఒక్క నులుము నులమాలి. అంజనమ్మ చూపించింది. కుర్రవాడికి పదో పోగుకల్లా పట్టుబడింది. ఆకాశంలో అంత యంత్రాన్ని తోలే మీసాలదొర వేళ్ళకు మాత్రం పోగు నిలవదే! ఒకటి అతికితే రెండు తెంపుతున్నాడు.

"ఏమప్పా, ఆ చేతుల్తోనేనా దాన్ని తోలేది? ఈడికైనా వచ్చినావు, శానా అదృష్టం!" అంది గిడ్డమ్మ. ఏసురాజు ఆ మాటను దొరకు చేరవేసే సాహసం చేయలేదు. చుట్టూ ఉన్నవాళ్ళు మాత్రం భయం మరిచి పకపకా నవ్వారు.

తూర్పు తెల్లబడింది. ఇంకా ముప్పై పోగులున్నాయి, గంజి బిగుస్తోంది. అప్పుడే చెరువుకట్ట మీద జీపు చప్పుడైంది. మీసాలదొర పాలిపోయి ఏదో గొణిగాడు.

"వాళ్ళ పెద్దదొరంట, విమానం రాలేదని ఎతుక్కుంటా వచ్చినాడు," అన్నాడు ఏసురాజు.

పరిగెత్తి విమానమెక్కి ఏదో ఒక కథ అల్లుకోవచ్చు. కుర్రవాడు తలెత్తి జీపును చూశాడు, చేతిలోని పోగును చూశాడు, మళ్ళీ తల వంచుకున్నాడు. మీసాలవాడు సగం లేచి, వాడిని చూసి, నిట్టూర్చి కూలబడ్డాడు. గిడ్డమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఎవరు కన్న బిడ్డలో, ఎక్కడి నుంచి ఎక్కడికొచ్చి పడ్డారో!

ఎర్రగా ఉన్న పెద్దదొర జీపు దిగి, నడుం మీద చేతులేసుకుని ఉరిమాడు. వేళ్ళకు నిలవని పోగును మీసాలవాడు పళ్ళమధ్య పట్టుకున్నాడు, పలకలేడు.

"ఏమంటాండాడు?"

"ఈడ ఎందుకు దిగినారని అడుగుతాండాడు."

గిడ్డమ్మ కొంగు బిగించి ముందుకొచ్చింది. "నేనే దింపిచ్చుకున్యానని చెప్పు. పడుగు తెగింది, చేతులు చాల్లేదు, లాంతరెత్తి ఊపినా. ఆడకూతురు ఆపదలో ఉండాదని దిగినారు. ఏం, తప్పా?"

ఏసురాజు జీవితంలో అబద్ధమాడి ఎరుగడు. ఒక్కసారి కళ్ళు మూసుకుని, ఆమె అన్న మాటలన్నీ పొల్లుపోకుండా ఇంగ్లీషులో చెప్పేశాడు. పెద్దదొర లాంతర్ల వరసలను చూశాడు, విమానాన్ని చూశాడు. నమ్మాడో లేదో ఆ దేవుడికే తెలియాలి. పెదవి కొస ఒకసారి అదిరింది, అంతే.

"ఊరికే నిలబడి చూస్తాండాడే," అంది గిడ్డమ్మ. "గంజి ఆరిపోతాంది. ఆ కొస పట్టుకోమను."

పెద్దదొర చేతికర్ర జీపులో పడేసి, వచ్చి కొస పట్టుకున్నాడు. పొద్దు పొడిచేలోపు ముప్పై పోగులూ అతికారు.